సోకు నీది, చలానా నా పేరున

బాబూ,

నీ పేరు ఇక్కడ రాయడం లేదు. తెలియక కాదు. నీ ఆధార్ జిరాక్సు, నీ సంతకమున్న డెలివరీ నోటు రెండూ నా బీరువాలో భద్రంగా ఉన్నాయి. ఇది నలుగురూ చదివే ఉత్తరం. నీకూ ఇల్లూ వాకిలీ, అత్తవారూ ఉన్నారు. వాళ్ల ముందు తలదించుకునే పని పెట్టడం ఎందుకని ఊరుకున్నాను. బండి కొనేరోజు నిన్ను ‘మీరు’ అన్నాను. ఇన్ని చలానాలు చూశాక ‘నువ్వు’ అనేంత చనువు దానంతట అదే వచ్చేసింది.

నువ్వు తీసుకెళ్లిన తెల్ల స్విఫ్టు నీ గుమ్మం ముందు ఉందేమో గానీ, ప్రభుత్వం లెక్కలో అది ఇంకా నాదే. ఆ లెక్క ప్రకారం మొన్నొక అర్ధరాత్రి ఒంటిగంటా నలభైకి ఔటర్ రింగు రోడ్డు మీద గంటకు 134 కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్లింది ఎవరనుకున్నావు? కూకట్‌పల్లిలో ఉంటూ, రాత్రి తొమ్మిదిన్నరకల్లా మోకాళ్లకు తైలం రాసుకుని పడుకునే ఒక రిటైర్డు ఫిజిక్సు లెక్చరరు. ఆ మెసేజిని మా ఫ్యామిలీ గ్రూపులో పెడితే డాలస్‌లో ఉన్న మా అబ్బాయి కంగారుగా ఫోన్ చేశాడు. “అమ్మా, అంతా బాగానే ఉంది కదా?” అన్నాడు. మా కోడలు మాత్రం “సూపర్ అత్తయ్యా” అని పెట్టింది.

మొదటిసారి నవ్వుకున్నాం. తర్వాతవి వచ్చేసరికి నవ్వు రాలేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. మన విషయంలో సొమ్ము కూడా నీదే, కాదనను. గట్టిగానే బేరమాడినా, ఒప్పుకున్న మొత్తం బండి కదలకముందే నా ఖాతాలో వేశావు. సోకూ నీదే. శిక్ష ఒక్కటే నాకు వదిలిపెట్టావు.

బండి ఇచ్చేరోజు అద్దం మీది ఫాస్టాగ్ పీకేయమన్నాను. “ఇంటికెళ్లాక తీసేస్తా ఆంటీ” అన్నావు. ఆ వెళ్లేది విజయవాడ దాకానని సాయంత్రానికి తెలిసింది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర. టోల్‌గేటు దాటినప్పుడల్లా నా ఫోను టింగుమంది, నా డబ్బులు కట్టయ్యాయి. నువ్వు సూర్యాపేటలో భోజనానికి ఆగావో లేదో కూడా రెండు మెసేజీల మధ్య వ్యవధి చూసి చెప్పగలిగాను. నందిగామ దాటావని తేలాక బ్యాంకుకు ఫోన్ చేసి ట్యాగు మూయించాను. ఇది చదివే మిగతావాళ్లు కూడా బండి తాళాలు ఇవ్వకముందే ఆ పని చేయండి. బ్యాంకు నంబరు దొరక్కపోతే జాతీయ రహదారుల సంస్థ హెల్ప్‌లైను 1033 ఉంది. ట్యాగు లేని బండికి టోలు దగ్గర ఎక్కువ కట్టాలి. ఆ భయం ఉంటే కొన్నవాడే పరిగెత్తుకెళ్లి తన ట్యాగు తాను తెచ్చుకుంటాడు.

పేరు మార్చుకోమని ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఒక్కసారి కూడా కాదనలేదు నువ్వు, ఆ మర్యాద ఉంది. ఆషాఢం వెళ్లనివ్వమన్నావు. శ్రావణం వచ్చాక స్లాటు దొరకడం లేదన్నావు. ఆ తర్వాత పొల్యూషన్ సర్టిఫికెట్టు అయిపోయిందన్నావు. పొల్యూషన్ సర్టిఫికెట్టు పెట్రోలు బంకు పక్కన నిలబెట్టిన వ్యానులో టీ తాగేలోపు ఇస్తారని నాకు తెలీదనుకున్నావా? చలానాల సంగతి ఎత్తితే “రాయితీ ఇస్తారులే ఆంటీ, అప్పుడు ఒకేసారి కట్టేద్దాం” అన్నావు. ఇచ్చారు, నిజమే. 2022లో ఇచ్చారు, 2023 చివర్లో మళ్లీ ఇచ్చారు. రాయితీ వస్తే జరిమానా తగ్గుతుందే తప్ప, 134లో వెళ్లినవాడికి ముందున్న లారీ ఏమీ దూరం జరగదు.

అసలు కారణం నువ్వు చెప్పలేదు. మా వీధి చివర ఆటో కన్సల్టెన్సీ పెట్టుకున్నాయన చెప్పాడు. నీ పేరు ఎక్కితే బండి ‘సెకండ్ ఓనర్’ అవుతుంది. మళ్లీ అమ్మేటప్పుడు నువ్వు మధ్యలోంచి మాయమైపోయి, నా దగ్గర్నుంచి నేరుగా మూడోవాడికి వెళ్లినట్టు కాగితాలు చూపిస్తే ‘సింగిల్ ఓనర్, రిటైర్డు మేడం వాడిన బండి’ అని రేటు పలుకుతుంది. మధ్యలో ఒక బదిలీ ఫీజూ మిగులుతుంది. అందుకే గదా ఫారాల్లో కొనేవాడి గడి ఖాళీగా వదిలేసి సంతకం పెట్టమని బతిమాలావు! పాతికేళ్లకు పైగా జవాబు పత్రాలు దిద్దినదాన్ని బాబూ, ఖాళీ గడులు వదిలితే ఏమవుతుందో నాకు తెలుసు. ఫారం 29, ఫారం 30 రెండింట్లోనూ నీ పేరు, నీ తండ్రిగారి పేరు, నీ చిరునామా, తేదీ నేనే నింపి, ఆ తర్వాతే సంతకం పెట్టాను. ఇప్పుడు ఆ కాగితాలతో నువ్వు మూడోవాడికి అమ్మలేవు. నీ పేరు ఎక్కించుకోవడం నీకు ఇష్టం లేదు. అక్కడ ఇరుక్కున్నావు. నీతోపాటు నన్నూ ఇరికించావు.

చట్టం ఏమంటోందో విను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం బండి అమ్మినవాళ్లు 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలి. నేను ఫారం 29 కాపీని ఆర్‌టీఏకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, రసీదు ఉంది. కొన్నవాళ్లు 30 రోజుల్లో తమ పేరున మార్పించుకోవాలి. అది నీ వంతు. నా వంతు నేను చేశాను కాబట్టి నాకు నిశ్చింత అనుకుంటే పొరపాటు. అదే చట్టంలో ఓనరు అంటే ఎవరి పేరున బండి రిజిస్టరై ఉందో వాళ్లే అని రాసి ఉంది. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సరిగ్గా ఇలాంటి కేసులోనే తీర్పు ఇచ్చింది. కారు అమ్మినాయన చేతిలోంచి మరొకరికి, అక్కణ్ణుంచి ఇంకొకరికి మారుతూ పోయింది. రిజిస్టరులో మాత్రం మొదటాయన పేరే ఉండిపోయింది. 2009లో ఆ కారు వల్ల ప్రమాదం జరిగింది. “ఎప్పుడో అమ్మేశానండీ” అని ఆయన మొత్తుకున్నా, పరిహారం బాధ్యత రిజిస్టరులో పేరున్న ఆయనదేనని కోర్టు తేల్చింది. బండి ఎన్ని చేతులు మారిందో వెతుక్కుంటూ తిరిగే భారం దెబ్బతిన్న కుటుంబం మీద వేయకూడదని కోర్టు ఉద్దేశం. అది న్యాయమే. ఆ న్యాయం నా పెన్షను మీద పడుతుందన్నదే నా బాధ.

ప్రమాదం దాకా కూడా వద్దు. 2025 నవంబరు 10న ఢిల్లీ ఎర్రకోట దగ్గర పేలిన కారు సంగతి పేపర్లో చదివే ఉంటావు. ఆ కారు కూడా చేతులు మారిందే. పోలీసులు మొదట పట్టుకుని ప్రశ్నించింది రిజిస్ట్రేషన్‌లో పేరున్న మనిషిని. నువ్వు అలాంటివాడివని అనడం లేదు. రేపు నువ్వు గుట్టుచప్పుడు కాకుండా అమ్మే మనిషి ఎలాంటివాడో నీకు మాత్రం ఏం తెలుసు?

బండి చూడ్డానికి వచ్చినప్పుడు మీ తమ్ముణ్ణి తెచ్చావు గుర్తుందా? ఇంటర్ ఫస్టియర్ అన్నావు, “వీడు కూడా దీని మీదే నేర్చుకుంటాడు” అని వీపు తట్టావు. 2019 సవరణ తర్వాత చట్టంలో 199ఏ అని ఒక సెక్షను వచ్చింది. మైనరు బండి నడిపి నేరం చేస్తే వాడి సంరక్షకుడో, బండి ఓనరో దోషి. మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. తనకు తెలియకుండా జరిగిందని రుజువు చేసుకుంటే తప్ప ఓనరు తప్పించుకోలేరు. ఓనరు అంటే ఎవరో పైన చెప్పాను. మీ తమ్ముడి ముచ్చట కోసం ఈ వయసులో కోర్టు మెట్లెక్కి రుజువులు చూపించుకోమంటావా? వాడికి పద్దెనిమిది నిండనీ. లెర్నర్ లైసెన్సు తీయించు, వెనకా ముందూ ఎర్రటి ‘ఎల్’ అతికించు, పక్కన లైసెన్సున్నవాడివి నువ్వు కూర్చో. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో, నువ్వు నడిపే తీరు వాడికి నేర్పకు.

నీ తీరు నాకెలా తెలుసంటావా? చలానాతోపాటు ఫొటో వస్తుంది. మనిషిని ఇంత దగ్గరగా ఎరిగే వీలు పెళ్లి సంబంధాలు చూసేవాళ్లకు కూడా ఉండదు.

ముందు ఆ 134 సంగతి తేలుద్దాం. ఔటర్ మీద గరిష్ఠ వేగం 120, అదీ కుడివైపు వరసల్లో. ఫిజిక్సు చెప్పినదాన్ని కాబట్టి లెక్క వేయకుండా ఉండలేకపోయాను. 134లో బండి సెకనుకు 37 మీటర్లు పోతుంది. ముందు ఏదో అడ్డం ఉందని కన్ను చూసి, బుర్రకు తట్టి, కాలు బ్రేకు మీద పడేసరికి సెకనున్నర అనుకో. బండి వేగం ఇసుమంత కూడా తగ్గకముందే 56 మీటర్లు అయిపోతాయి. అక్కడి నుంచి బ్రేకు పట్టి ఆగడానికి, పొడి రోడ్డు, మంచి టైర్లు అయితే, మరో వంద. మొత్తం 155 మీటర్ల పైమాటే. అదే 80లో అయితే దాదాపు 70 మీటర్లలో బండి నిలబడుతుంది. ఇక్కడ అసలు కిటుకు ఉంది, క్లాసులో పిల్లలు కూడా మొదట నమ్మేవాళ్లు కాదు. 70 మీటర్ల దూరంలో లైట్లు లేకుండా ఒక లారీ ఆగి ఉందనుకో. 80లో వచ్చినవాడు దాని ముందు ఆగిపోతాడు. సరిగ్గా అదే చోట నీ వేగం ఎంత ఉంటుంది? సగానికి తగ్గి ఉంటుందనుకుంటావు. లేదు నాయనా, 120కి పైనే ఉంటుంది. ఆ 70 మీటర్లలో 56 నువ్వు ఆలోచించడంలోనే ఖర్చయిపోయాయి, మిగిలిన 14 మీటర్లు బ్రేకుకు ఏ మూలకు చాలతాయి? వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలవుతుందని ఇంటర్లో చదివే ఉంటావు. మార్కుల కోసం చదివి ఉంటావు.

పోనీ ఇంతా చేసి మిగిలేది ఎంత? గచ్చిబౌలి నుంచి పెద్ద అంబర్‌పేట దాకా ఓ 60 కిలోమీటర్లు అనుకుందాం. వందలో పోతే 36 నిమిషాలు, నీ 134లో పోతే 27. ఆ తొమ్మిది నిమిషాలూ టీ దగ్గర పోతాయి.

అర్ధరాత్రి దాటాక ఆ రోడ్డు మీద నిద్ర గురించి కూడా చెప్పాలి. మలుపులు లేని నున్నటి రోడ్డు, ఏసీ, ఒకే చప్పుడు. కళ్లు తెరిచే ఉంటాయి, బుర్ర మాత్రం రెండు మూడు సెకన్లు ఆరిపోతుంది. ఆ కాసేపట్లో నీ బండి ఎవరి చేతుల్లోనూ ఉండదు. పాటల సౌండు పెంచినా, అద్దం దించినా ఆ నిద్ర ఆగదు. పక్కకు దిగి, తలుపులు వేసుకుని అరగంట పడుకోవడం ఒక్కటే దారి. అదీ రోడ్డు అంచున కాదు, బంకులోనో డాబా ముందో. అంచున ఆగిన బండిని వెనక నుంచి గుద్దిన ప్రమాదాలు ఔటర్ మీద ఎన్ని చదవలేదు!

ఇంకో ఫొటోలో పెద్ద అంబర్‌పేట ఎగ్జిట్ దాటిపోయి రివర్సులో వెనక్కి వస్తున్నావు. తెల్ల లైట్లు రెండూ వెలుగుతున్నాయి. దాని గురించి ఉపన్యాసం ఇవ్వను. ఎగ్జిట్ దాటిపోతే తర్వాతి ఎగ్జిట్ దాకా వెళ్లి తిరిగి రావాలి. వెనక నీలాంటివాడే ఇంకొకడు 134లో వస్తుంటాడు.

అద్దాలకు నల్ల ఫిల్ము వేయించావు. ముందూ వెనకా అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుతురు రావాలన్నది రూలు. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ముల మీద విరుచుకుపడింది అందుకే. ఎండకు చల్లగా ఉంటుందని వేయించి ఉంటావు. రాత్రిపూట వానలో, ముదురు రంగు చీర కట్టుకుని డివైడరు మీది మొక్కల మధ్య నుంచి రోడ్డు దాటే మనిషి ఆ అద్దంలోంచి నీకు కనపడదు. నేను ముదురు రంగు చీరలే కడతాను.

ఇక ఆ ఫొటో. ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. సిగ్నల్ దగ్గర తెల్ల గీత దాటి ఆగావు, కెమెరా ముందు నుంచి తీసింది. నల్ల ఫిల్ము పక్క అద్దాలకే కాబట్టి ముందద్దంలోంచి లోపల అంతా కనిపిస్తోంది. నీ చెవి దగ్గర ఫోను. నీ పక్క సీట్లో ఆడమనిషి, ఆమె ఒళ్లో మూడు నాలుగేళ్ల పాప. పాప లేచి నిలబడి రెండు చేతులూ డ్యాష్‌బోర్డు మీద ఆనించింది. తలకు రెండు పిలకలు, ఒకదాని రిబ్బను జారిపోయింది.

బాబూ, ఆ డ్యాష్‌బోర్డు లోపల ఎయిర్‌బ్యాగు ఉంది. రెప్పపాటులోపే అది విచ్చుకుంటుంది, ఆ దెబ్బ బెల్టు పెట్టుకుని వెనక్కి ఆనుకుని కూర్చున్న పెద్దవాళ్ల ఛాతీని లెక్కలో పెట్టుకుని తయారైంది. దానికి అరడుగు దూరంలో పాప మొహం ఉంది. తల్లి గట్టిగా పట్టుకుంటుందిలే అంటావేమో. 50లో పోతున్న బండి ఠక్కున ఆగితే 15 కిలోల బిడ్డను ఆపడానికి కావాల్సిన బలం ఏ తల్లి చేతుల్లోనూ లేదు. వందల కిలోల బరువు ఒక్కసారిగా లాగినట్టుంటుంది. పిల్లలకు విడిగా చైల్డ్ సీటు వస్తుంది, వెనక సీటుకు బెల్టుతో బిగించుకోవచ్చు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని బెల్టు లేకుండా కూర్చోబెడితే 194బీ సెక్షను కింద వెయ్యి రూపాయల జరిమానా. వెయ్యి గురించి కాదు నేను చెప్పేది. ఆ ఫొటో కింద ఓనరు అని నా పేరు ఉంది. ఆ పాపకు ఏమైనా అయితే కాగితం మీద ఆ బండి నాదే.

వెనక సీటులో బెల్టు అక్కర్లేదన్న మాట మన ఇళ్లల్లో ఇంకా పోలేదు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ కారు వంతెన గోడను గుద్దింది. ముందు కూర్చున్న ఇద్దరూ బతికారు, వెనక కూర్చున్న ఇద్దరూ పోయారు. వెనక ఉన్నవాళ్లు బెల్టు పెట్టుకోలేదు. మన దగ్గరే, 2018 ఆగస్టు 29న నల్గొండ దగ్గర అన్నెపర్తిలో నటుడు నందమూరి హరికృష్ణ నడుపుతున్న కారు బోల్తాపడి ఆయన పోయారు. బెల్టు పెట్టుకోలేదనే అప్పుడు పోలీసులు చెప్పారు. స్టీరింగు మీద ఆయనకున్న అనుభవం నీకూ నాకూ ఏ జన్మకీ రాదు.

టైర్ల మాట అప్పుడే చెప్పాను, మళ్లీ చెబుతున్నాను. వెనక టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలు ఉంటాయి, వంగి చూడు. 3219 అని ఉంటుంది. 2019లో 32వ వారం తయారైందని అర్థం. గాడుల లోపల అడ్డంగా చిన్న కట్టల్లాంటివి ఉంటాయి, రబ్బరు అరిగి వాటితో సమానమైతే ఇక ఆ టైరు పని అయిపోయినట్టే. మార్పించుకోమని ఆ మేరకు ధర తగ్గించి మరీ ఇచ్చాను. ఆ తగ్గించిన డబ్బుతో ఫిల్ము వేయించావన్నమాట. అరిగిన టైరు వానలో నీళ్లను పక్కలకు తోయలేదు, నీటి మీద తేలుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా బండి వినదు.

ఇన్సూరెన్సు సంగతి నీకు తెలిసి ఉండదు, తెలిస్తే ఎప్పుడో పరిగెత్తేవాడివి. పాలసీలో ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి సంబంధించిన భాగం బండితోపాటు నీకు వస్తుంది. నీ బండికి జరిగే నష్టానికి సంబంధించిన భాగం రాదు. అది రావాలంటే బదిలీ అయిన 14 రోజుల్లో కంపెనీకి రాసి నీ పేరు ఎక్కించుకోవాలి. రేపు బంపరు ఊడితే క్లెయిము ఎవరి పేరున వేస్తావు? నేనైతే సంతకం పెట్టను. ఇన్నేళ్లు క్లెయిము లేకుండా నడిపినందుకు వచ్చే నో క్లెయిమ్ బోనసు కూడా బండితో రాదు, అది మనిషికి చెందింది. నాకు 50 శాతం ఉండేది. సర్టిఫికెట్టు తీసుకుని దాచుకున్నాను, మూడేళ్లలోపు కొత్త కారు కొంటే ప్రీమియంలో తగ్గుతుంది.

ఈ ఉత్తరం నీకే అయినా, అమ్మకానికి బండి కడిగి పెట్టుకున్నవాళ్లు కూడా చదువుతుంటారు. నీ పుణ్యమా అని వాళ్లకు రెండు ముక్కలు చెప్పే అవకాశం దొరికింది. అమ్మా, అయ్యా, డెలివరీ నోటులో తేదీ ఒక్కటే రాస్తే చాలదు, టైము కూడా రాయండి. సాయంత్రం ఆరింటికి ఇచ్చిన బండి రాత్రి తొమ్మిదింటికి ఎవర్నైనా గుద్దితే ఆ టైమే మిమ్మల్ని కాపాడేది. మీటరు రీడింగు, కొన్నవాళ్ల గుర్తింపు కార్డు కాపీ, సంతకం, వీలైతే బండి పక్కన నిలబెట్టి ఒక ఫొటో. మీ ఆధార్ కాపీ ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా ‘ఫలానా నంబరు కారు బదిలీకి మాత్రమే’ అని రాసి తేదీ వేయండి. డబ్బు ఖాతాలో పడ్డాకే తాళం ఇవ్వండి. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకుంటే ఆదాయపు పన్ను వాళ్లు అంతకంత జరిమానా వేస్తారు. లోను తీరిపోయినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉండిపోతుంది చాలామందికి. బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 పెట్టి ముందే తీయించండి. బండి తెరలో మీ ఫోను నంబర్లు, ఇంటి దారి అన్నీ నిక్షేపంగా ఉంటాయి, తుడిచేయండి. అద్దం మీద మీ అపార్టుమెంటు గేటు తెరిచే స్టిక్కరు ఉంటే గీకేయండి. మా వాచ్‌మన్ గుర్తుచేయకపోతే ఇది ఎవరికి తట్టేది!

కన్సల్టెన్సీకి అమ్మితే ఒకటి అడగండి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్లు కొని అమ్మే డీలర్లకు ఆర్‌టీఏ అనుమతి పత్రం ఉండాలి. అలాంటి డీలరుకు బండి ఇస్తున్నట్టు ఫారం 29సీ ఆన్‌లైన్‌లో పెడితే, అక్కణ్ణుంచి బండికి జవాబుదారీ ఆ డీలరే. ఆ పత్రం గోడకు కనిపించకపోతే, ఇంకో కొట్టు చూసుకోవడం మంచిది. ఇది మంచి రూలు, వాడుకునేవాళ్లే తక్కువ.

సరే బాబూ, నీ దగ్గరికి వస్తాను. హాల్‌టికెట్టు నాది, పరీక్ష రాస్తున్నది నువ్వు. ఇన్విజిలేటరుగా ఎన్నో ఏళ్లు చేసినదాన్ని, ఇలాంటివి ఎక్కడికి పోతాయో నాకు తెలుసు. 133వ సెక్షను ప్రకారం, నేరం జరిగినప్పుడు బండి ఎవరు నడిపారో పోలీసులు అడిగితే ఓనరు చెప్పి తీరాలి. అడిగితే చెబుతాను. నీ ఆధార్ కాపీ, డెలివరీ నోటు, నీకు పంపిన మెసేజీలు, నువ్వు పెట్టిన చేతులు జోడించిన బొమ్మలు, అన్నీ ఒక ఫైల్లో పెట్టాను. లాయరు నోటీసు కూడా టైపు చేయించి ఉంచాను. అది పంపే అవసరం రాకూడదనే ఈ ఉత్తరం.

ముందు చలానాలన్నీ కట్టు. బండి ఇక మీదట విజయవాడలోనే ఉండేట్టయితే ఇక్కడి నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ తీసుకోవాలి. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి, లైఫ్ ట్యాక్సు కూడా కట్టాలి. అది ఖర్చే, కానీ కొనేముందే నీకు తెలిసిన ఖర్చు. హైదరాబాదులోనే తిప్పుకుంటానంటే పని ఇంకా తేలిక. స్లాటు బుక్ చేసి నాకు చెప్పు. ఒరిజినల్ ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషను, నీ ఆధార్, పాన్ తెచ్చుకో. నేను సంతకం పెట్టిన ఫారాలు నీ దగ్గరే ఉన్నాయి. పోగొట్టానంటే కొత్తవి నింపి తెస్తాను, ఈసారి కూడా గడులు ఖాళీగా ఉండవు. ఆఫీసు తెరిచే వేళకు గేటు దగ్గర ఉంటాను. ఏజెంటును పెట్టకు, అక్కర్లేదు.

రెండో తాళం పేరు మారాక ఇస్తానన్నాను కదా, హ్యాండ్‌బ్యాగులో వేసుకునే వస్తాను. పాపను తెస్తే మాత్రం వెనక సీట్లో కూర్చోబెట్టి తీసుకురా.

ఇట్లు,
ఆర్‌సీలో ఇంకా పేరున్న
ఆంటీ